పొలంలో పరికరం మేల్కొనే వేళ: కెర్నల్ ప్రారంభ దశలో వాచ్‌డాగ్ టైమర్ నిర్వహణ

వరిలో నీటి యాజమాన్యంపై పరిశోధన చేసేవారికి ఒకప్పుడు స్కేలు, నోటు పుస్తకమే ప్రధాన సాధనాలు. నేడు వాటి స్థానంలోకి రంధ్రాలు చేసిన గొట్టంలో అమర్చిన నీటిమట్టపు సెన్సార్, గట్టు మీద ఇనుప స్తంభానికి బిగించిన డబ్బా, అందులో అరచేతి పరిమాణంలో ఒక కంప్యూటరు, దానికొక బ్యాటరీ, పైన సౌర ఫలకం వచ్చి చేరాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పొలాలలో ఇటువంటి పరికరాలను నెలకొల్పదలచిన విస్తరణ శాస్త్రవేత్తలు, పి.జి. విద్యార్థులు సెన్సార్ ఖచ్చితత్వం గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. ఆ డబ్బాలోని కంప్యూటరు నిలిచిపోతే తనంతట తాను ఎలా లేస్తుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. అది ఎలక్ట్రానిక్స్ వారి పని అని పక్కకు నెట్టే అలవాటు మనలో ఉన్నది. కాని ఆ ప్రశ్నకు లభించే సమాధానమే మన దత్తాంశాల విశ్వసనీయతను నిర్ణయిస్తుంది. కావున ఈ వ్యాసంలో పరికరం తిరిగి లేచే ఆ కొద్ది సెకన్లను మాత్రమే పరిశీలించడం జరిగింది.

ఈ ప్రాంతపు నీటి తీరు

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల వరికి ప్రధాన ఆధారం నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అనగా లాల్‌బహదూర్ కాలువ. సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న తొలిసారి నీరు విడుదలైంది. జలాశయంలో నీరు తక్కువగా ఉన్న సంవత్సరాలలో ఈ కాలువ కింద వంతుల వారీగా నీరు ఇవ్వడం పరిపాటి. సూర్యాపేట వైపు మూసీ కాలువలు, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువల చివరి భాగాలు, వాటికి తోడుగా బోర్లు ఉన్నాయి. ఎక్కడ చూసినా పొలంలోకి నీరు వచ్చే గడియ పరిశోధకుని చేతిలో లేదు. తూము ఎత్తినప్పుడు, వాన కురిసినప్పుడు, కరెంటు వచ్చి మోటారు నడిచినప్పుడు నీటిమట్టం మారుతుంది. ఆ గడియలో రికార్డరు మేల్కొని ఉండాలి.

ఆరుతడి పద్ధతిలో ఈ అవసరం మరింత ఎక్కువ. పొలంలో నీటిమట్టం నేల ఉపరితలం నుండి 15 సెంటీమీటర్ల లోతుకు దిగిన తరువాతే మళ్ళీ తడి ఇవ్వాలన్నది ఈ పద్ధతిలోని సాధారణ నియమం. పూత దశలో మాత్రం మడిలో 5 సెంటీమీటర్ల వరకు నీరు నిలపాలి. పైరు నిజంగా ఆరిందా, ఎన్ని గంటలు ఆరింది, ఏ దశలో ఆరింది అన్నవే ఇక్కడి దత్తాంశాలు. వీటికి ఇప్పుడు మరొక విలువ కూడా చేరింది. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, నిరంతరం నీరు నిలిచిన వరి పొలం మీథేన్ ఉద్గారాన్ని 1గా తీసుకొంటే, ఒకసారి ఆరబెట్టిన పొలానికి 0.71, పలుమార్లు ఆరబెట్టిన పొలానికి 0.55 గుణకాలను వాడాలి. పొలం ఒకసారి ఆరిందా, రెండుసార్లు ఆరిందా అన్న తేడా నీటిమట్టపు రికార్డులో కొన్ని గంటల ఖాళీ వలన మారిపోగలదు.

లెక్క సులభమే. పదిహేను నిమిషాలకు ఒక కొలత చొప్పున రోజుకు 96 కొలతలు. శనివారం సాయంత్రం ఆరు గంటలకు పరికరం నిలిచిపోయి, సోమవారం ఉదయం పది గంటలకు ఎవరో వెళ్ళి స్విచ్ నొక్కితే పోయినవి 40 గంటలు, 160 కొలతలు. అదే పరికరం ఒకటి రెండు నిమిషాలలో తనను తాను పునఃప్రారంభించుకొంటే పోయేది మహా అయితే ఒక్క కొలత.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటున్నది. ఈ ఖాళీలు యాదృచ్ఛికంగా ఏర్పడవు. ఉరుములు మెరుపులతో కూడిన వాన, వోల్టేజి హెచ్చుతగ్గులు, మబ్బు పట్టి సౌర ఫలకం బ్యాటరీని నింపలేని రోజులు, ఇవే పరికరాన్ని పడగొట్టే కారణాలు. అవే రోజులలో పొలంలో నీటిమట్టం కూడా మారుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోతకు కోదాడ పట్టణం జలమయమై, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడిన సంగతి పాఠకులకు తెలిసినదే. అటువంటి రాత్రి నిలిచిపోయిన రికార్డరు ఆ సీజన్ మొత్తంలో అత్యంత విలువైన కొలతలను పోగొట్టుకొంటుంది. ఖాళీకి ఇరువైపుల ఉన్న రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి పూరించే మన సాధారణ పద్ధతి అక్కడ పనికిరాదు. ఎందుకనగా అది నీరు వచ్చిన గడియనే చెరిపివేస్తుంది.

కావలి గడియారం

వాచ్‌డాగ్ టైమర్ అనేది ప్రాసెసర్ లోపల గాని, దాని పక్కనే వేరే చిప్‌గా గాని ఉండే ఒక లెక్కింపు పరికరం. ఇది నిర్ణీత కాలం నుండి సున్నా వైపు లెక్క దించుకొంటూ పోతుంది. నడుస్తున్న ప్రోగ్రాము మధ్య మధ్య దానికి ఒక హాజరు సంకేతం ఇవ్వాలి. సంకేతం అందినప్పుడల్లా లెక్క మొదటికి వస్తుంది. అందకపోతే సున్నాకు చేరి ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. పూర్వం రాత్రి గస్తీ తిరిగేవాడు ‘పారా హుషార్’ అని కేకవేస్తే కావలివాడు బదులు పలకవలసి ఉండేది. పలకని చోట ఏదో జరిగిందని అర్థం. వాచ్‌డాగ్ చేసే పని అదే. దాని గడియారం సాధారణంగా ప్రాసెసర్ గడియారంతో సంబంధం లేకుండా వేరుగా నడుస్తుంది. చిన్న ఆర్డ్యునో బోర్డులలో ఉండే ఏటీమెగా 328పి చిప్‌లో ఇది 128 కిలోహెర్ట్జ్ ప్రత్యేక ఆసిలేటర్ మీద ఆధారపడుతుంది. దాని గరిష్ఠ గడువు సుమారు 8 సెకన్లు. రాస్ప్‌బెర్రీ పై బోర్డులో గరిష్ఠ గడువు సుమారు 15 సెకన్లు. బయట అమర్చే కొన్ని పర్యవేక్షక చిప్‌లలో గడువు 1.6 సెకన్లుగా స్థిరపడి ఉంటుంది, మార్చడానికి వీలులేదు.

ఈ అంకెలను గుర్తుంచుకోవాలి. లినక్స్ ఆధారిత పరికరం ఒకటి విద్యుత్తు అందిన క్షణం నుండి కొలత ప్రోగ్రాము నడిచే వరకు అర నిమిషం తీసుకోవడం అరుదు కాదు. గడువు 15 సెకన్లు, మేల్కొనడానికి 30 సెకన్లు. అప్పుడు మధ్యలో హాజరు పలికేది ఎవరు?

చేతులు మారే చోటు

విద్యుత్తు అందగానే మొదట ప్రాసెసర్‌లో శాశ్వతంగా ఉన్న చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. అది బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. బూట్‌లోడర్ మెమరీ కార్డు నుండి కెర్నల్‌ను చదివి, దానికి అధికారం అప్పగించి తప్పుకొంటుంది. కుదించి ఉన్న కెర్నల్ తనను తాను విప్పుకొని, మెమరీని, అంతరాయాలను, గడియారాలను సిద్ధం చేసుకొని, డ్రైవర్లను ఒక్కొక్కటిగా లేపుతుంది. అటు తరువాత ఫైల్ వ్యవస్థను జతపరచి మొదటి వినియోగదారు ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. ఆ ప్రోగ్రాము మిగిలిన సేవలను ప్రారంభిస్తుంది. వాటిలో చివరన ఎక్కడో మన నీటిమట్టపు రికార్డరు ఉంటుంది.

ఇక్కడ రెండు విరుద్ధమైన లోపాలకు అవకాశం ఉన్నది. మొదటిది: వాచ్‌డాగ్ విద్యుత్తు అందినప్పటి నుండే లెక్కిస్తుంటుంది, కాని కెర్నల్ లేచే వ్యవధిలో దానికి ఎవరూ సంకేతం ఇవ్వరు. అప్పుడు పరికరం సగం లేచి పడిపోతుంది, మళ్ళీ సగం లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది. రెండవది: వాచ్‌డాగ్‌ను రికార్డరు ప్రోగ్రామే ప్రారంభిస్తుంది. అప్పుడు ఆ ప్రోగ్రాము వరకు చేరక ముందే కెర్నల్ నిలిచిపోతే రక్షించేవారు లేరు. రాస్ప్‌బెర్రీ పై సాధారణ అమరికలో ఈ రెండవ స్థితి ఉంటుంది. ప్రయోగశాల బల్ల మీద ఈ లోపం కనబడదు, అక్కడ పరికరం ఎప్పుడూ చక్కగానే లేస్తుంది. పొలంలో వోల్టేజి సగంలో ఉన్నప్పుడు లేవడానికి ప్రయత్నించి, మెమరీ కార్డు స్పందించక ఆగిపోతుంది.

లినక్స్ కెర్నల్‌లో వాచ్‌డాగ్ ఉపవ్యవస్థ ఈ రెంటి మధ్య ఒక మార్గాన్ని కల్పించింది. డ్రైవర్ లేచిన వెంటనే హార్డ్‌వేరును పరీక్షించి, టైమర్ అప్పటికే నడుస్తున్నదని కనుగొంటే ఆ సంగతిని ఉపవ్యవస్థకు తెలియజేస్తుంది. అప్పటి నుండి కెర్నల్ తానే గడువులోగా సంకేతాలు ఇస్తూ ఉంటుంది. వినియోగదారు ప్రోగ్రాము వాచ్‌డాగ్ పరికరపు ఫైలును తెరిచిన తరువాత బాధ్యత ఆ ప్రోగ్రాముకు బదిలీ అవుతుంది. కెర్నల్ నిర్మాణ ఎంపికలలో ‘హ్యాండిల్ బూట్ ఎనేబుల్డ్’ అనేది ఈ ప్రవర్తనకు సంబంధించినది. అది సాధారణంగా ఆమోదించబడి ఉంటుంది. దానిని తీసివేస్తే కెర్నల్ సంకేతం ఇవ్వదు, వినియోగదారు ప్రోగ్రామే గడువులోగా పరుగెత్తుకొని రావాలి.

అయితే ఈ ఏర్పాటులో ఒక లొసుగు ఉన్నది. కెర్నల్ బాగానే ఉండి, ఫైల్ వ్యవస్థ తనిఖీ దగ్గర గాని, ఏదో ఒక సేవ ప్రారంభం దగ్గర గాని పరికరం చిక్కుకొన్నదనుకొందాము. కెర్నల్ ఎంతకాలమైనా సంకేతాలు ఇస్తూనే ఉంటుంది. వాచ్‌డాగ్ తృప్తిగా ఉంటుంది. కొలతలు మాత్రం ఉండవు. దీనికి పరిష్కారంగా 2019లో ‘ఓపెన్ టైమౌట్’ అనే పరామితి కెర్నల్‌లో చేరింది. ఇన్ని సెకన్లలోగా వినియోగదారు ప్రోగ్రాము వాచ్‌డాగ్ ఫైలును తెరవకపోతే కెర్నల్ సంకేతాలు ఇవ్వడం మానుకొని పరికరాన్ని రీసెట్ కానిస్తుంది. దీని సహజ విలువ సున్నా, అనగా అవధి లేదు. పొలంలో పెట్టే పరికరానికి సున్నాను అలాగే వదిలివేయడం నా దృష్టిలో సరికాదు. పరికరం లేవడానికి పట్టే గరిష్ఠ కాలాన్ని కొలిచి, దానికి రెండు మూడు రెట్లుగా ఈ విలువను నిర్ణయించుకోవాలి.

గరిష్ఠ కాలాన్ని కొలిచేటప్పుడు గదిలో ఒకటి రెండుసార్లు లేపి సగటు తీయడం చాలదు. విద్యుత్తు హఠాత్తుగా పోయిన తరువాత ఫైల్ వ్యవస్థ తనిఖీతో లేవడానికి ఎంత పట్టింది, మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న డబ్బాలో ఎంత పట్టింది, కార్డు నిండిన తరువాత ఎంత పట్టింది అన్నవి చూడాలి. మనకు కావలసినది సగటు కాదు, అతి చెడ్డ స్థితి.

మరికొన్ని అంశాలు చిన్నవే గాని ఫలితం పెద్దది. వాచ్‌డాగ్ డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసి ఉండాలి. దానిని మాడ్యూల్‌గా ఫైల్ వ్యవస్థలో ఉంచితే, ఫైల్ వ్యవస్థ జతపడే వరకు కావలి ఉండదు. బయటి చిప్ గడువు 1.6 సెకన్లే అయినప్పుడు డ్రైవర్‌ను ప్రారంభ క్రమంలో సాధ్యమైనంత ముందుకు జరపాలి. జీపీఐఓ పిన్ను ద్వారా పనిచేసే వాచ్‌డాగ్ డ్రైవర్‌కు ఇందుకోసమే ఒక ప్రత్యేక ఎంపిక ఉన్నది. కెర్నల్ తనను తాను విప్పుకొనే కాలమే గడువును మించితే ఏ డ్రైవరూ ఆదుకోలేదు, ఆ చిప్‌ను ఆ బోర్డుకు ఎంచుకోవడమే పొరపాటు. అలాగే ‘పానిక్’ అనే మరొక పరామితి ఉన్నది. ఫైల్ వ్యవస్థ దొరకక కెర్నల్ చేతులెత్తేసినప్పుడు ఎన్ని సెకన్ల తరువాత పునఃప్రారంభం కావాలో అది చెబుతుంది. కెర్నల్ నిర్మాణంలో వేరుగా చెప్పనిచో ఇదీ సున్నాయే, అనగా అక్కడే నిలిచి ఉంటుంది. వాచ్‌డాగ్ నడుస్తుంటే అది ఈ స్థితి నుండి కాపాడుతుంది. నడవకపోతే పరికరం ఎవరో వచ్చే వరకు అలాగే ఉంటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ చిన్నదైనంత మాత్రాన సమస్య పోదు. ఏటీమెగా చిప్‌లో వాచ్‌డాగ్ వలన రీసెట్ అయిన తరువాత టైమర్ ఆగిపోదు. అతి తక్కువ గడువుతో, సుమారు 16 మిల్లీసెకన్లతో, నడుస్తూనే ఉంటుంది. పాత ఆర్డ్యునో బూట్‌లోడర్లు ఈ సంగతిని పట్టించుకోనందున అవి లేవకముందే మళ్ళీ రీసెట్ అయ్యేవి. ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ దీనిని సరిచేసింది. పాత బోర్డులను బీరువాలో నుండి తీసి వాడే విభాగాలు ఈ ఒక్క విషయాన్ని సరిచూసుకోవడం మంచిది.

ఆగని పునఃప్రారంభం, అయిపోయే బ్యాటరీ

నిలిచిపోయిన పరికరం కన్నా నిరంతరం రీసెట్ అయ్యే పరికరం ఒక విధంగా ఎక్కువ హానికరం. లేచే దశలో ప్రాసెసర్ పూర్తి వేగంతో పనిచేస్తుంది, కార్డును చదువుతుంది, మోడెమ్‌ను వెలిగిస్తుంది. కొలతల మధ్య నిద్రపోయే పరికరం ఖర్చు చేసే విద్యుత్తు కన్నా ఇది ఎంతో ఎక్కువ. వానాకాలపు మబ్బు రోజులలో ఇటువంటి చక్రంలో చిక్కిన పరికరం బ్యాటరీని ఖాళీ చేస్తుంది. వోల్టేజి పడిపోవడం వలన మళ్ళీ లేవలేకపోతుంది. రాతలో ఉండగా విద్యుత్తు పోయి కార్డులోని ఫైళ్ళు కూడా చెడవచ్చు.

ఈ చక్రానికి సాధారణ కారణం నెట్‌వర్క్ కోసం నిరీక్షణ. ఊరి శివారు పొలాలలో మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉంటుంది. రికార్డరు సేవ ‘నెట్‌వర్క్ వచ్చిన తరువాతే మొదలవుము’ అని అమర్చి ఉంటే, సిగ్నల్ రాని రోజున సేవ మొదలు కాదు, వాచ్‌డాగ్ ఫైలు తెరుచుకోదు, గడువు తీరి రీసెట్ అవుతుంది. సెన్సార్‌కూ సిగ్నల్‌కూ ఏ సంబంధమూ లేకున్నా టవరు తప్పుకు కొలత పోతుంది. కొలవడం, భద్రపరచడం ముందు, పంపడం తరువాత అన్న క్రమాన్ని సరఫరాదారుతో ముందే ఖరారు చేసుకోవాలి. యూ-బూట్ వంటి బూట్‌లోడర్లలో పునఃప్రారంభాల సంఖ్యను లెక్కించి, ఒక హద్దు దాటితే కార్డులోని రెండవ భాగం నుండి లేచే సదుపాయం ఉన్నది. దానిని వాడుకోని ఉత్పత్తులే మార్కెట్లో ఎక్కువగా కనబడుతున్నాయి.

హాజరు ఎవరు పలకాలి

విద్యార్థులు రాసే ప్రోగ్రాములలో తరచు కనబడే అమరిక ఇది: కొలత తీసే ప్రోగ్రాము ఒకటి, వాచ్‌డాగ్‌కు పది సెకన్లకొకసారి సంకేతం ఇచ్చే చిన్న ప్రోగ్రాము వేరొకటి. మొదటిది సెన్సార్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయినా రెండవది సంకేతం ఇస్తూనే ఉంటుంది. తరగతిలో ఒకరి బదులు మరొకరు ‘ప్రెజెంట్ సార్’ అనడం వంటిదే ఇది. హాజరు పట్టీ నిండుతుంది, బెంచీ ఖాళీగా ఉంటుంది. సంకేతం కొలత చక్రంలో నుండే రావాలి: సెన్సార్ చదివాము, విలువ హద్దులలో ఉన్నది, కార్డులో రాశాము అన్న మూడూ జరిగిన తరువాతే. సిస్టమ్‌డి వాడే లినక్స్‌లలో దీనికి చక్కని గొలుసు ఉన్నది. మొదటి ప్రోగ్రామైన సిస్టమ్‌డి హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌కు హాజరు పలుకుతుంది. రికార్డరు సేవ సిస్టమ్‌డికి హాజరు పలుకుతుంది. ఈ అమరికలో వాచ్‌డాగ్ ఫైలు చాలా ముందుగానే తెరుచుకొంటుంది కనుక ప్రారంభ దశలోని ఖాళీ కూడా తగ్గుతుంది. అయితే అప్పటి నుండి ఓపెన్ టైమౌట్‌కు పని ఉండదు. కాబట్టి రికార్డరు సేవకు కూడా ప్రారంభ గడువు, విఫలమైతే పునఃప్రారంభం అనే నియమాలు రాసి ఉండాలి.

వాచ్‌డాగ్ ఉండడం వేరు, దానిని వాడడం వేరు. 1994లో చంద్రుని పరిశీలించిన అమెరికా క్లెమెంటైన్ నౌకలో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉన్నది గాని దానిని ఉపయోగించుకొనే సాఫ్ట్‌వేరు రాయలేదు. మే 7న కంప్యూటరు చిక్కుకొని, థ్రస్టర్లు 11 నిమిషాల పాటు మండి ఇంధనం అయిపోయింది. జియోగ్రాఫోస్ అనే గ్రహశకలం వద్దకు దానిని పంపాలన్న ప్రణాళికను విరమించుకోవలసి వచ్చింది.

మోటారు ఉన్న చోట

కేవలం కొలిచే పరికరం పునఃప్రారంభమైతే ఒక కొలత పోతుంది. మోటారును, గేటును నడిపే పరికరం విషయం అలా కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైన సందర్భంలో బోరు మోటార్లకు బిగించిన ఆటో స్టార్టర్లను తొలగించుకోవాలని రైతులను కోరడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కరెంటు రాగానే, పొలానికి తడి అవసరమా కాదా అని చూడకుండా మోటారును నడిపించడమే ఆ డబ్బా గుణం. రీసెట్ తరువాత చివరి ఆజ్ఞను గుర్తు చేసుకొని రిలేను మూసే నియంత్రిక కూడా అటువంటి ఆటో స్టార్టరే, కాకపోతే ఖరీదు ఎక్కువ.

ప్రాసెసర్ రీసెట్‌లో ఉన్నప్పుడు దాని పిన్నులు చాలా బోర్డులలో ఏ స్థితినీ పట్టుకొని ఉండవు. కెర్నల్ డ్రైవర్ వచ్చి వాటిని అదుపులోకి తీసుకొనే వరకు రిలే తనంతట తాను కొట్టుకోవచ్చు. ఆ వ్యవధిలో మోటారు ఆగి ఉండేటట్లు సర్క్యూట్‌లోనే, నిరోధకంతో, ఏర్పాటు ఉండాలి. సాఫ్ట్‌వేరుతో ఈ పని జరగదు, ఎందుకనగా ఆ క్షణంలో సాఫ్ట్‌వేరు ఇంకా లేదు. లేచిన తరువాత కూడా తాజా నీటిమట్టం చదివి, అది నమ్మదగినదని తేలిన పిమ్మటే మోటారుకు ఆజ్ఞ వెళ్ళాలి. ఇందులో ఒక మినహాయింపు ఆలోచించదగినది. పూత దశలో మోటారు ఆగిపోవడమే పైరుకు నష్టం. కాబట్టి ఆగి ఉన్న విషయం రైతు ఫోనుకు తెలిసే మార్గం ఉండాలి. నియంత్రికను పక్కకు తప్పించి చేత్తో నడిపే స్విచ్ స్టార్టర్ డబ్బాలోనే ఉండాలి.

కంపాసాగర్ పరిశోధన స్థానం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం పరిసరాల పొలాలలో గాని, మరెక్కడైనా గాని ఇటువంటి పరికరం పెట్టేవారు దత్తాంశ పట్టికలో ఒక అదనపు నిలువు వరుసను తప్పక ఉంచుకోవాలి: పునఃప్రారంభ కారణం. చివరి రీసెట్ వాచ్‌డాగ్ వలన జరిగిందా, విద్యుత్తు పోవడం వలన జరిగిందా అన్నది చాలా ప్రాసెసర్లు ఒక రిజిస్టరులో గుర్తుంచుకొంటాయి. ప్రారంభ దశలోనే దానిని చదివి రాసుకోవాలి. తరువాత చూద్దామనుకొంటే బూట్‌లోడరో, డ్రైవరో ఆ గుర్తును చెరిపివేయవచ్చు. బ్యాటరీతో నడిచే ప్రత్యేక గడియారపు చిప్ కూడా ఉండాలి. అది లేని బోర్డులు విద్యుత్తు పోయి వచ్చిన తరువాత, నెట్‌వర్క్ అందే వరకు, తప్పు సమయంతో కొలతలు రాస్తాయి. తప్పు సమయం వేసిన కొలత ఖాళీ కన్నా ప్రమాదకరం, అది ఖాళీగా కనబడదు కనుక.

కొనుగోలు షరతులలో ‘వాచ్‌డాగ్ సదుపాయం కలదు’ అన్న ఒక్క వాక్యంతో తృప్తి పడరాదు. పరికరం అందిన తరువాత విద్యుత్తును యాభై సార్లు అకస్మాత్తుగా తీసి పెట్టి ప్రతిసారీ కొలత మొదలైనదో లేదో చూడాలి. లేచే మధ్యలోనే తీసి చూడాలి. యాంటెన్నా విప్పి ఒక రాత్రి నడపాలి. మెమరీ కార్డు తీసివేసి, కొంతసేపటికి తిరిగి పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా అది కోలుకొంటుందో లేదో గమనించాలి. రికార్డరు ప్రోగ్రామును చంపి, ఆ తరువాత కెర్నల్‌నే కావాలని కూల్చి, ఎన్ని సెకన్లకు తిరిగి వచ్చిందో రాసుకోవాలి. కెర్నల్‌ను కూల్చడానికి లినక్స్‌లో ఒక్క ఆజ్ఞ చాలు. బ్యాటరీని సగానికి పైగా ఖాళీ చేసి ఇవన్నీ మరొకసారి చేయాలి. ఈ పనులకు అనువైన కాలం నారుమడులు పోసే రోజులు. నాట్లు పడిన తరువాతనైతే మోకాలి లోతు బురదలో ల్యాప్‌టాప్ పట్టుకొని నిలబడవలసి వస్తుంది.